బూర్గుల రామకృష్ణారావు

బూర్గుల రామకృష్ణారావు (1899 మార్చి 13 - 1967 సెప్టెంబర్) హైదరాబాదు రాష్ట్రానికి ప్రజలు ఎన్నుకొన్న శాసనసభ ద్వారా ముఖ్యమంత్రి అయిన మొదటి వ్యక్తి. ఆ రాష్ట్రం 1956లో రద్దయింది కనుక అలా ఎన్నికైన చివరి ముఖ్యమంత్రి కూడా ఆయనే. వృత్తిరీత్యా న్యాయవాది, ప్రవృత్తిరీత్యా కవి, బహుభాషావేత్త. ముఖ్యమంత్రి పదవి తరువాత కేరళ, ఉత్తర ప్రదేశ్ రాష్ట్రాలకు గవర్నరుగా, ఆపై రాజ్యసభ సభ్యుడిగా పనిచేసాడు. తెలంగాణ పల్లెలలో ఆయన పేరు ఎక్కువగా వినవచ్చేది కౌలుదారీ చట్టం సందర్భంలో. ఖమ్మం జిల్లా ఏర్పడింది కూడా ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే.

బాల్యం, విద్య

రామకృష్ణారావు మహబూబ్ నగర్ జిల్లా కల్వకుర్తి తాలూకాలోని పడకల్ గ్రామంలో, మాతామహుల ఇంట జన్మించాడు. తండ్రి నరసింగరావు, తల్లి రంగనాయకమ్మ. వీరి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. స్వగ్రామం షాద్ నగర్ సమీపంలోని బూర్గుల కావడంతో కాలక్రమాన ఆ ఊరి పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. నిజాం పాలనలో ఊరి పేరే ఇంటిపేరుగా మారడం సాధారణమే.

పాఠశాల చదువు హైదరాబాదులో సాగింది. తరువాత పూణేలోని ఫెర్గూసన్ కళాశాలలో బి.ఏ., బొంబాయి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివాడు. 1923లో న్యాయశాస్త్ర పట్టా పొందాడు. ఆ రోజుల్లో హైదరాబాదు సంస్థానపు తెలుగువారు పైచదువులకు పూణే, బొంబాయి, నాగపూరు వైపు వెళ్ళడం పరిపాటి. సంస్థానంలో పాలన, న్యాయస్థానాలు, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం అన్నీ ఉర్దూలోనే నడిచేవి. ఈ వాతావరణంలో పెరిగిన రామకృష్ణారావు ఉర్దూ, పారశీకం, సంస్కృతం, మరాఠీ, కన్నడం, ఆంగ్లం బాగా నేర్చుకున్నాడు. ఈ భాషాజ్ఞానం ఆయనకు కోర్టులోను, కవిత్వంలోను, రాజకీయాలలోను ఉపయోగపడింది. తెలుగు, మరాఠీ, కన్నడ ప్రాంతాలు మూడూ కలిసిన రాష్ట్రానికి ముఖ్యమంత్రి కావడంలో దీని పాత్ర తక్కువేమీ కాదు.

న్యాయవాద వృత్తి

చదువు ముగించుకొని హైదరాబాదుకు తిరిగివచ్చి హైకోర్టులో న్యాయవాదిగా వృత్తి ప్రారంభించాడు. కొద్ది కాలంలోనే పేరున్న న్యాయవాదులలో ఒకడయ్యాడు. తరువాతి కాలంలో భారత ప్రధానమంత్రి అయిన పి.వి. నరసింహారావు న్యాయవాదిగా మొదట ఆయన వద్దే జూనియరుగా చేరాడు.

ఆనాటి హైదరాబాదు సంస్థానంలో న్యాయవాదికి ఉన్న స్థానాన్ని కొంత వివరించాలి. సంస్థానంలో ఎన్నికైన శాసనసభ లేదు. సభ జరుపుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు శాసించేది. గ్రంథాలయ వార్షికోత్సవానికైనా, సంఘ సంస్కరణ సభకైనా అధికారుల వద్దకు వెళ్ళవలసిందే. ఇటువంటి చోట ప్రభుత్వంతో దాని భాషలోనే, దాని చట్టాల ప్రకారమే మాట్లాడగలిగినవారు వకీళ్ళు. అందువల్ల తెలంగాణలో ప్రజాజీవితానికి మొదటి తరం నాయకులు ఎక్కువగా న్యాయవాదులలో నుండే వచ్చారు. మాడపాటి హనుమంతరావు, కొండా వెంకట రంగారెడ్డి, పులిజాల వెంకట రంగారావు, మందుముల నరసింగరావు, బూర్గుల అందరూ ఈ కోవకు చెందినవారే.

ఆంధ్ర మహాసభ

1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘ సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావును సభికులు హేళన చేసారు. ఆ అవమానం నుండే ఆంధ్ర జనసంఘం పుట్టింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జరిగిన సమావేశంతో అది ఆంధ్ర మహాసభగా రూపుదిద్దుకుంది. 1931లో దేవరకొండలో జరిగిన రెండవ మహాసభకు బూర్గుల అధ్యక్షత వహించాడు. మూడవ మహాసభ 1934లో పులిజాల వెంకట రంగారావు అధ్యక్షతన ఖమ్మంలో జరిగింది.

మొదట్లో ఈ సభల కోరికలు చాలా మితంగా ఉండేవి. తెలుగులో చదువు, గ్రంథాలయాలకు స్వేచ్ఛ, వెట్టిచాకిరి నిషేధం, సభల మీద ఆంక్షల తొలగింపు మొదలైనవి వాటిలో ముఖ్యమైనవి. బూర్గుల స్వభావానికి ఈ మార్గం సరిపోయింది. మహజరులు, ప్రతినిధి వర్గాలు, చట్టంలో సవరణలు ఆయన పద్ధతి. 1940ల నాటికి సభలోకి వచ్చిన యువకులు దేశ్ ముఖుల భూముల గురించి, బేదఖళ్ళ గురించి నేరుగా మాట్లాడసాగారు. 1944లో భువనగిరి సభతో మహాసభ వామపక్షం చేతికి వెళ్ళింది, మితవాదులు విడిపోయారు. 1945లో వామపక్షీయులు తమ సభను ఖమ్మంలో జరిపారు. 1934లో వకీళ్ళు మహజరులు చదివిన ఊళ్ళోనే పదకొండేళ్ళ తరువాత రైతుకూలీలు వేలాదిగా గుమికూడారు. ఆ తేడా ఏమిటో బూర్గులకు ముఖ్యమంత్రి అయిన తరువాత పూర్తిగా ఎదురైంది.

హైదరాబాదు స్టేట్ కాంగ్రెసులో ఆయన ముఖ్య నాయకులలో ఒకడు. ఈ సంస్థను 1938లో పుట్టకముందే నిజాం ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1946 వరకు కొనసాగింది. ఉద్యమంలో భాగంగా ఆయన జైలుశిక్ష అనుభవించాడు. స్టేట్ కాంగ్రెసులో స్వామి రామానంద తీర్థ వర్గానికి, బూర్గుల వర్గానికి మధ్య విభేదాలు చాలాకాలం నడిచాయి.

రెవెన్యూ మంత్రిగా

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో సంస్థానం భారతదేశంలో విలీనమైంది. మొదట మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక గవర్నరుగా, 1950 జనవరి నుండి ఐ.సి.ఎస్. అధికారి ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రిగా పాలన సాగింది. 1950లో వెల్లోడి మంత్రివర్గంలోకి కాంగ్రెసు ప్రతినిధులను తీసుకున్నప్పుడు బూర్గుల రెవెన్యూ, విద్యా శాఖల మంత్రి అయ్యాడు.

అప్పటికి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఇంకా ముగియలేదు. సైన్యం మైదాన తాలూకాలలోకి వచ్చిన తరువాత దళాలు గోదావరి పరీవాహక అడవులలోకి, పాల్వంచ, ఇల్లందు, ములుగు ప్రాంతాలకు తరలిపోయాయి. అడవిలోని కోయ గూడేలను ఖాళీ చేయించి, ప్రజలను ఒకచోట చేర్చి కాపలా పెట్టారు. గెరిల్లాలకు తిండి, ఆశ్రయం అందకుండా చేయడం దీని ఉద్దేశ్యం. భూమి కోసం పోరాడినవారికి, వారిని వెంటాడినవారికి నడుమ ఎక్కువగా నలిగిపోయింది ఈ కోయ కుటుంబాలే. 1951 అక్టోబరులో కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది.

కౌలుదారీ చట్టం

హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టాన్ని బూర్గుల పేరుతో ముడిపెట్టి చెప్పడం పరిపాటి. ఇందులో కొంత సవరణ అవసరం. చట్టం 1950 జూన్ నెలలో, వెల్లోడి పాలనలో అమలులోకి వచ్చింది. బూర్గుల రెవెన్యూ మంత్రి అయింది కూడా ఆ సంవత్సరమే. దాన్ని ఊళ్ళలో అమలుకు తెచ్చే బాధ్యత ఆయన మీద పడింది. చట్టానికి అసలైన బలాన్నిచ్చిన 1954 నాటి సవరణ ఆయన ముఖ్యమంత్రిత్వంలో జరిగింది.

నిజాం కాలంలోనే 1945లో ఆసామీ షిక్మీ చట్టం ఒకటి వచ్చింది. భూమి దున్నే షిక్మీదారుకు కొంత భద్రత కల్పించడం దాని లక్ష్యం. కాని పట్వారీ రాతల్లో కౌలుదారు పేరే లేకుండా చేయడం భూస్వాములకు పెద్ద పని కాదు కనుక దాని వలన ఒరిగింది తక్కువ. 1950 చట్టం రక్షిత కౌలుదారు అనే వర్గాన్ని సృష్టించింది. నిర్ణీత కాలపరిమితులలో కనీసం ఆరేళ్ళు ఎడతెగకుండా భూమిని సాగుచేసినవాడు రక్షిత కౌలుదారు అవుతాడు. చట్టం చెప్పిన కారణాలు లేకుండా అతనిని భూమి నుండి తొలగించరాదు. ఆ హక్కు వారసులకు సంక్రమిస్తుంది. భూస్వామి అమ్మదలచుకుంటే ముందుగా అతనికే అమ్మాలి. 38వ సెక్షను ప్రకారం అతడు తానుగా కొనుగోలు హక్కును కోరవచ్చు.

అయితే కోరగలిగేదెవరు? భూస్వామి ఇంటి ముందు చెప్పులు విడిచి నిలబడే రైతు, అదే భూస్వామి మీద తహసీలులో దరఖాస్తు పెట్టడం ఆనాడు జరిగే పని కాదు. 1954 సవరణలో చేర్చిన 38-ఇ సెక్షను విశిష్టత ఇక్కడే ఉంది. దీని ప్రకారం ప్రభుత్వం ఒక ప్రాంతాన్ని, ఒక తేదీని గెజెట్టులో ప్రకటిస్తే, ఆ తేదీ నుండి ఆ ప్రాంతంలోని రక్షిత కౌలుదారులు, చట్టం విధించిన పరిమితులకు లోబడి, తమ భూమికి యజమానులుగా పరిగణింపబడతారు. రైతు అడగనవసరం లేదు. వెల మాత్రం వాయిదాలలో చెల్లించాలి. భూస్వామికి ఉంచవలసిన కమతం ఎంత, కౌలుదారుకు బదిలీ కాదగినది ఎంత అన్నది కుటుంబ కమతం అనే కొలతతో నిర్ణయించారు. ఆ రోజుల్లో దేశంలోని కౌలు చట్టాలలో ఇది ముందువరుసలో నిలిచింది.

38-ఇ సెక్షను మొదటగా అమలైన ప్రాంతాలలో ఖమ్మం ఒకటి. సాయుధ పోరాటం ఎక్కడ తీవ్రంగా సాగిందో అక్కడే ప్రభుత్వం ముందుగా అమలుకు పూనుకోవడం యాదృచ్ఛికం అనుకోలేము. 1950ల మధ్యలో ఇక్కడి కౌలుదారులకు యాజమాన్య హక్కు దక్కింది. తెలంగాణలోని మిగిలిన ప్రాంతాలలో చాలావరకు ఇదే సెక్షను 1973 జనవరి 1 నుండి గాని అమలులోకి రాలేదు. అంటే చట్టంలో చేరిన పద్ధెనిమిది, పందొమ్మిదేళ్ళకు. ఈ వ్యవధిలో లక్షణంగా నమోదైన రక్షిత కౌలుదారులలో ఎందరో భూములు వదులుకున్నారు. కాగితాల మీద వారు స్వచ్ఛందంగా వదులుకున్నట్లే ఉంటుంది. హైదరాబాదు భూసంస్కరణలపై ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో చేసిన అధ్యయనం 1958లో వెలువడింది. ఈ స్వచ్ఛంద వదులుబాట్లు, తొలగింపులు ఎంత విస్తృతమో అది వెల్లడించింది. చట్టాన్ని ఇంత పకడ్బందీగా రాసిన ప్రభుత్వం తేదీ ప్రకటించడానికి జంకింది. శాసనసభలోని కాంగ్రెసు సభ్యులలో, పార్టీ పెద్దలలో భూమి కలవారి బలం చూస్తే కారణం తెలుస్తుంది.

1954-55లో తయారైన ఖాస్రా పహాణి కూడా ఆయన ముఖ్యమంత్రిత్వ కాలానిదే. ఏ సర్వే నంబరులో పట్టాదారు ఎవరు, వాస్తవంగా సాగులో ఉన్నది ఎవరు అన్నది గ్రామగ్రామాన నమోదు చేసిన రికార్డు ఇది. తెలంగాణలో భూమి తగాదా ఏ కోర్టుకు వెళ్ళినా వకీలు మొదట అడిగే కాగితాలలో ఇది ఒకటి.

ముఖ్యమంత్రిగా

1952 సాధారణ ఎన్నికలలో బూర్గుల షాద్ నగర్ నియోజకవర్గం నుండి గెలిచాడు. 175 స్థానాల శాసనసభలో కాంగ్రెసుకు 93 వచ్చాయి. కమ్యూనిస్టు పార్టీపై రాష్ట్రంలో నిషేధం ఉండడంతో వారు పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంటు పేరుతో పోటీచేసి నల్గొండ, వరంగల్ జిల్లాలలో బలంగా నెగ్గారు. నిన్నటి వరకు అడవిలో ఉన్నవారు, జైళ్ళలో ఉన్నవారు శాసనసభలో ప్రతిపక్షమయ్యారు. మార్చి 6న బూర్గుల ముఖ్యమంత్రిగా ప్రమాణ స్వీకారం చేసాడు.

ఆరు నెలలు తిరగకముందే ముల్కీ ఆందోళన మొదలైంది. స్థానికులకు రావలసిన ఉద్యోగాలు బయటివారికి పోతున్నాయని విద్యార్థులు వీధులలోకి వచ్చారు. 1952 సెప్టెంబరు మొదటి వారంలో హైదరాబాదు సిటీ కాలేజీ ప్రాంతంలో పోలీసులు కాల్పులు జరపగా పలువురు మరణించారు. ప్రభుత్వం జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డితో విచారణ జరిపించింది. ముల్కీ నిబంధనల పరిశీలనకు మంత్రివర్గ ఉపసంఘాన్ని వేసింది. మృదుస్వభావిగా పేరుపొందిన ముఖ్యమంత్రి పాలనలో జరిగిన ఈ కాల్పులు ఆయన పదవీకాలంపై మచ్చగా మిగిలాయి. ఆ ఉపసంఘాలు తేల్చని సమస్య 1969లో మరింత తీవ్రంగా పైకి వచ్చింది.

1955 డిసెంబర్ 10న ప్రధాని నెహ్రూ నాగార్జున సాగర్ కు శంకుస్థాపన చేసాడు. అప్పటికి కృష్ణ ఒక గట్టు హైదరాబాదు రాష్ట్రం, రెండవ గట్టు ఆంధ్ర రాష్ట్రం.

ఖమ్మం జిల్లా, గోదావరి సరిహద్దు

1953 అక్టోబర్ 1న వరంగల్ జిల్లాను విడదీసి ఖమ్మం జిల్లాను ఏర్పాటు చేసారు. విశేషమేమంటే కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది కూడా అదే రోజున. దానితో గోదావరి రెండు కొత్త పాలనల మధ్య సరిహద్దు అయింది. కుడి గట్టున బూర్గంపాడు, పాల్వంచ హైదరాబాదు రాష్ట్రంలోని కొత్త జిల్లాలో ఉండగా, ఎడమ గట్టున భద్రాచలం, నూగూరు ఆంధ్ర రాష్ట్రపు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నాయి. భద్రాచలం ప్రాంతం 1860 వరకు నిజాం ఏలుబడిలోనిదే. ఆ యేడు బ్రిటిషువారికి దక్కి, మొదట మధ్య పరగణాలలో, 1874 నుండి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో భాగంగా కొనసాగింది.

ఈ ఏటి గీత గిరిజనుడి భూమి విషయంలో రెండు చట్టాలను సృష్టించింది. ఎడమ గట్టున 1917 నాటి మద్రాసు ఏజెన్సీ భూబదిలీ చట్టం ఉండగా, కుడి గట్టున కొమురం భీం తిరుగుబాటు తరువాతి పరిణామాలతో వచ్చిన హైదరాబాదు గిరిజన ప్రాంతాల నిబంధన (1359 ఫసలీ) ఉండేది. ఒడ్డుకు ఇటూ అటూ చుట్టరికాలు కలిగిన కోయలకు, తమ పొలం షావుకారు చేతికి పోతే ఏ కచేరీకి వెళ్ళాలన్నది ఏ ఒడ్డున ఉన్నారన్న దాని మీద ఆధారపడేది. కౌలుదారీ చట్టం మైదానంలోని కౌలురైతును దృష్టిలో ఉంచుకుని రాసినది. పోడు చేసుకునే గిరిజనుడు అందులో సరిగా ఇమడడు. అతడు ఎవరి కౌలుదారూ కాదు, పట్టా కూడా ఉండదు. బూర్గుల పాలనలో ఈ లోటు అలాగే ఉండిపోయింది. రెండు గట్లకూ ఒకే చట్టం రావడానికి చాలాకాలం పట్టింది. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో ఖమ్మం జిల్లాలో కలిసాయి. అదే సంవత్సరం ఆంధ్ర ప్రాంతపు షెడ్యూల్డు ప్రాంతాలకు చేసిన భూబదిలీ నిబంధనను 1963లో తెలంగాణకు వర్తింపజేసారు.

విశాలాంధ్ర

1955లో ఫజల్ ఆలీ కమిషను నివేదిక తెలంగాణను కొంతకాలం ప్రత్యేక రాష్ట్రంగా ఉంచి, 1961 ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు వంతుల మద్దతు ఉంటే ఆంధ్రతో కలపవచ్చునని సూచించింది. తెలంగాణలో అధికుల అభిప్రాయం ప్రత్యేక రాష్ట్రం వైపే ఉన్నదని బూర్గుల మొదట కాంగ్రెసు అధిష్ఠానానికి తెలియజేసాడు. తరువాత అధిష్ఠానం మొగ్గు విశాలాంధ్ర వైపు ఉండడంతో ఆయన కూడా అటే మారాడు. శాసనసభలో అభిప్రాయాలు తీసుకున్నప్పుడు మాట్లాడిన 147 మందిలో 103 మంది విలీనాన్ని సమర్థించగా, 29 మంది వ్యతిరేకించారు, 15 మంది తటస్థంగా ఉన్నారు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ తరపున బూర్గుల, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు సంతకాలు చేసారు. వాగ్దానాలు చాలా ఉన్నా, అవి నెరవేరకపోతే కోర్టుకు వెళ్ళే వీలు ఒప్పందంలో లేదు. అనుభవజ్ఞుడైన న్యాయవాది సంతకం ఉన్న పత్రంలో ఈ లోపం ఉండడం ఆశ్చర్యమే. 1956 నవంబర్ 1న ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడి నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. బూర్గుల ముఖ్యమంత్రి పదవికి పోటీ పడలేదు.

గవర్నరుగా

1956 నవంబర్ 22న ఆయన కేరళ గవర్నరు అయ్యాడు. 1957 ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వంలోని కమ్యూనిస్టు మంత్రివర్గం చేత ప్రమాణం చేయించాడు. తెలంగాణలో కమ్యూనిస్టుల భూపోరాటానికి చట్టంతో జవాబు చెప్పబోయిన వ్యక్తే, కేరళలో భూసంస్కరణలు తలపెట్టిన కమ్యూనిస్టు ప్రభుత్వానికి రాజ్యాంగాధిపతి కావడం గమనార్హం. ఆ ప్రభుత్వం తెచ్చిన విద్యా బిల్లును గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు పంపగా, రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా కోరాడు. 1958 మే నెలలో కోర్టు ఇచ్చిన అభిప్రాయం మైనారిటీ విద్యాసంస్థల హక్కులపై నేటికీ ప్రమాణంగా ఉంది. 1959లో విమోచన సమరం పేరిట ఆందోళన చెలరేగింది. గవర్నరు నివేదిక మీద జూలై 31న, శాసనసభలో మెజారిటీ ఉండగానే, మంత్రివర్గాన్ని తొలగించి రాష్ట్రపతి పాలన విధించారు. ఈ చర్య సబబా కాదా అన్న చర్చ ఇంకా ముగియలేదు.

1960 జూలై 1న ఉత్తర ప్రదేశ్ గవర్నరుగా బదిలీ అయ్యాడు. అప్పటివరకు అక్కడ గవర్నరుగా ఉన్న వి.వి. గిరి కేరళకు వచ్చాడు. ఇద్దరూ తెలుగువారే, ఇద్దరూ న్యాయశాస్త్రం చదివినవారే. 1962 ఏప్రిల్ వరకు ఆ పదవిలో ఉండి, 1962 నుండి 1966 వరకు రాజ్యసభ సభ్యుడిగా ఉన్నాడు. 1967 సెప్టెంబరులో మరణించాడు.

సాహిత్య కృషి

పారశీక సాహిత్యాన్ని మూలంలో చదివి తెలుగులోకి తెచ్చిన కొద్దిమందిలో బూర్గుల ఒకడు. ఉమర్ ఖయ్యాం, సర్మద్ రుబాయీలను అనువదించాడు. పారశీక వాఙ్మయ చరిత్ర రచించాడు. సంస్కృతం నుండి జగన్నాథ పండితరాయల లహరులను పండితరాజ పంచామృతం పేరుతో తెలుగు చేసాడు. కృష్ణ శతకం ఆయన స్వతంత్ర రచనలలో ఒకటి. వ్యాసాలు సారస్వత వ్యాస ముక్తావళిగా వెలువడ్డాయి. హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంతో ఆయనకు అనుబంధం ఉండేది.

జ్ఞాపకాలు

హైదరాబాదులో సచివాలయం సమీపంలోని ప్రభుత్వ కార్యాలయ భవనానికి బూర్గుల రామకృష్ణారావు భవన్ అని పేరు పెట్టారు. జనం దానిని పొడి అక్షరాలతో బి.ఆర్.కె.ఆర్. భవన్ అని పిలుస్తారు. పాత సచివాలయాన్ని కూల్చి కొత్తది కడుతున్న కాలంలో, 2019 నుండి 2023 ఏప్రిల్ వరకు తెలంగాణ ప్రభుత్వ సచివాలయం ఈ భవనం నుండే పనిచేసింది.